సాక్షిలేని పొగ

గడచిన సంక్రాంతికి బెంగుళూరు నుండి వచ్చిన మా పెద్దకుమారుడు, రాత్రి భోజనములైన పిమ్మట, వీధి అరుగు చివర చీకటిలో నిలిచి, పెన్నువలె సన్నగానున్న ఒక వస్తువును పెదవుల కానించి తెల్లని ఆవిరిని మెల్లగా వదలుచుండగా, ఇంటిలోనుండి పరుగెత్తివచ్చిన ఆఱేండ్ల మనుమడు గాలిని ఒక్కసారి పీల్చి, "జేజినాయనా, మామిడిపండు వాసనొస్తాంది, ఇప్పుడు మామిడిపండ్లు యాడివి?" అని నన్నడిగినాడు. పులివెందులలో మామిడి వేసవికి గాని అంగడికెక్కదు. పుష్యమాసపు చలిలో ఆ వాసన ఎక్కడిదో ఆ క్షణమున నాకును తెలియలేదు. కాని వాని తండ్రి చేయి జేబులోనికి పోయిన తీరు మాత్రము నేను బాగుగ ఎఱుగుదును. ముప్పది యేండ్ల క్రిందట, మా నాయన దగ్గు వీధి మలుపున వినబడగానే, నా చేయియు అట్లే వీపు వెనుకకు పోయెడిది.

మఱునాడు ఉదయము అడుగగా వాడు దాచలేదు. "సిగరెట్టు మానేసినా నాయనా, ఏడాదైంది. పిల్లోని కోసరమే మానేసినా. ఇది పొగ గాదు, ఉత్త ఆవిరే" అన్నాడు. ఆ మాటలో అబద్ధము లేదు; పూర్తి నిజమును లేదు. బిడ్డ పుట్టినందువలన, లేక బిడ్డకు మాటలు వచ్చి "ఏంది నాయనా ఆ కంపు" అని అడిగినందువలన, సిగరెట్టును వదలి ఈ ఆవిరి గొట్టమును పట్టిన తండ్రులు మన సీమ నుండి నగరములకు పోయి కొలువులు చేయువారిలో ఇంకను ఉందురని తలచి, వారిని నిందించుటకు గాక, వారు ఎక్కడ ఆగిపోయినారో చూపుటకు ఇది వ్రాయుచున్నాను.

వాడు చెప్పినదానిలోని నిజమును మొదట ఒప్పుకొనవలెను. సిగరెట్టు కాలును, కాలుటవలన తారును, కార్బన్ మోనాక్సైడును పుట్టి, త్రాగువాని ఊపిరితిత్తులనే గాక ప్రక్కన నిదురించు పసివాని ఊపిరితిత్తులను కూడ చేరును. ఈ పరికరములో కాలుట లేదు. చిన్న బ్యాటరీ ఒక తీగచుట్టను వేడిచేయగా, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను ద్రవములలో కలిపిన నికొటినును, పరిమళద్రవ్యములును ఆవిరియై నోటికి వచ్చును. 2003 ప్రాంతమున దీనికి నేటి రూపమిచ్చిన చైనా ఔషధశాస్త్రజ్ఞుడు హాన్ లిక్ తానును విడువలేని ధూమపాయి. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించినాడు. కనుక ఈ వస్తువు పుట్టుకలోనే ఒక కుమారుని వేదన కలదు. దానిని నేను తేలికగా చూడజాలను. సిగరెట్టుకంటె దీని హాని 95 శాతము తక్కువయని ఇంగ్లండు ప్రజారోగ్యసంస్థ 2015లో అంచనా కట్టి చెప్పినది. అచ్చటనే 886 మందిపై జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధనలో, ఏడాది గడచునప్పటికి సిగరెట్టుకు దూరముగా నిలిచినవారు, ఆవిరి పరికరము నిచ్చిన వర్గములో 18 శాతము, నికొటిన్ పట్టీలు, గమ్ముల వంటి మందుల నిచ్చిన వర్గములో 9.9 శాతము. ఇది చిన్న భేదము కాదు. అయితే అదే పరిశోధనలో మఱియొక సంఖ్య కలదు: అట్లు నిలిచినవారిలో, ఆవిరి వర్గమువారు నూటికి 80 మంది ఏడాది తరువాతను ఆ పరికరమును పట్టుకొనియే యుండిరి, మందుల వర్గములో మందును విడువనివారు నూటికి 9 మంది మాత్రమే.

ఈ 80 అను సంఖ్యయొద్ద నేను చాలసేపు ఆగిపోయినాను; ఏలయనగా అందులో నాకు నా గతమే కనబడినది. మా తాత చుట్ట కాల్చెను. మా నాయన చుట్ట మోటని బీడీకి మారెను. నేను బీడీ నామోషీయని సిగరెట్టు పట్టితిని. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు పొగకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల చుట్టఱికమును లెక్కలతో నిరూపించిన పిదప, లోకమంతట జనులకు భయము పుట్టగా, కంపెనీలు ఫిల్టరును చూపినవి. ఫిల్టరుపై అనుమానము కలుగగా 'లైట్' అనియు 'మైల్డ్' అనియు క్రొత్త పేరులు పెట్టినవి. ఈ కుమారుడు గర్భస్థుడై యున్నపుడు మా యింటియావిడ కన్నీరు పెట్టుకొనగా, నేనును ఘనమైన త్యాగము చేసినవానివలె ఘాటు సిగరెట్టును విడిచి లైట్ సిగరెట్టునకు మారితిని. ఆ సిగరెట్టు ఫిల్టరు చుట్టు కంటికానని సన్నని రంధ్రములుండుననియు, గాలి వానిగుండ కలిసి పొగను పలుచనచేయుటచే యంత్రపరీక్షలో తారు తక్కువగ కనబడుననియు, త్రాగు మనుష్యుడు వానిని వ్రేళ్ళతోను పెదవులతోను మూసి, మఱింత లోతుగ పీల్చి, కావలసిన నికొటినును రాబట్టుకొనుననియు నాకు అప్పుడు తెలియదు. ఆ తేలిక సిగరెట్లవలన ప్రజారోగ్యమునకు ఒరిగిన మేలు లేదని అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ తేల్చి చెప్పునప్పటికి 2001 వచ్చినది. అన్ని యేండ్లును నేను మారితిని, మానలేదు. మారిన ప్రతిసారియు మానినంత తృప్తి కలిగినది. ఆ తృప్తియే నన్ను మానకుండ చేసినది. చివరకు నా నలువది రెండవ యేట, రెండు మార్లు ఓడి మూడవమారు మానగలిగితిని.

ఇక సాక్షుల సంగతి. సిగరెట్టు ఎంత చెడ్డదైనను దానికి ఇంటినిండ సాక్షులుండెడివి. చొక్కాజేబు కుట్టులో ఇరుకుకొన్న పొగాకు పొడి, దుప్పటి అంచున కాలిన గుండ్రని చిల్లి, చూపుడు వ్రేలి కొనను ఎంత తోమినను పోని పసుపు మరక, స్నానాలగది గూటిలో మరచిన అగ్గిపెట్టె, ఇవన్నియు నా భార్యకు నా మాటకంటె నిజము చెప్పెడివి. నాలుగు రోడ్ల కూడలి దగ్గఱ బంకువాని నోటుపుస్తకములో నా పేరు క్రింద నెలపద్దు ఉండెడిది. దానిని మా బావమఱది ఒకనాడు చదివి ఇంటిలో చెప్పినాడు. అన్నిటికంటె పెద్ద సాక్షి సిగరెట్టుయొక్క పొట్టితనమే: పది పదునైదు దమ్ములకు అది వ్రేలిని కాల్చి, ఇక చాలునని తానే చెప్పెడిది, మఱియొకటి వెలిగింపవలెనన్న లేవవలెను, అంగడికి పోవలెను, నలుగురు చూడవలెను. మా వాని చేతిలోని వస్తువునకు బూడిద లేదు, పీక లేదు, నిప్పు లేదు, కొస లేదు. కంపునకు బదులు పండు వాసన. పడకలోను, స్నానాలగదిలోను, కారులోను ఎప్పుడైనను ఒక దమ్ము లాగవచ్చును. "దినానికి ఎన్ని మార్లు తాగుతావు రా?" అని అడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, "లెక్క తెలీదు నాయనా" అన్నాడు. సిగరెట్టు త్రాగు దినములలో వానికి లెక్క తెలిసియుండెను: దినమునకు ఎనిమిది. వాని భార్య దానిని ఆఱు చేయించినది, నాలుగు చేయించినది. ఇప్పుడు ఆ యిల్లాలు దేనిని లెక్కపెట్టి తగ్గింపవలెను?

మన దేశపు చట్టము ఈ వస్తువును ఒప్పలేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో ఆపి, ఆ డిసెంబరులోనే చట్టము చేసి, తయారీని, దిగుమతిని, అమ్మకమును, ప్రకటనను నిషేధించినారు. మొదటి తప్పునకు ఏడాది వఱకు జైలు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పిల్లలను ఈ క్రొత్త వ్యసనమునుండి కాపాడుటకై చేసిన ఆ నిషేధమును నేను తప్పుపట్టను. కాని దాని ఫలమును మా వానివంటి తండ్రి తెలిసికొనవలెను. బ్రిటను వైద్యులు తక్కువ హానియని చెప్పినది కొలతకును తనిఖీకిని లోబడిన సరకునుగూర్చి. వీనికి దొరకునది చాటుగా చేతులు మారి వచ్చిన సరకు. అందులో నికొటిన్ ఎంత కలిపిరో, ఇంకేమి కలిపిరో చెప్పు పూచీ ఎవనికిని లేదు. అమెరికాలో 2019లో ఆవిరి పీల్చినవారికి ఊపిరితిత్తులు చెడి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి, 68 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పీల్చినది గంజాయి నూనె కలిపిన దొంగసరకనియు, అందు చేర్చిన విటమిన్ ఇ అసిటేటు ప్రధానముగ కారణమనియు తరువాత కనుగొన్నారు. మామూలు నికొటిన్ ద్రవముపై ఆ నింద మోపుట న్యాయము కాదు. కాని ఊరు పేరు లేని ద్రవమును ఊపిరిలోనికి పంపుట ఎంతటి సాహసమో అది చెప్పకయే చెప్పును.

బిడ్డ ఉన్న యింట మఱియొక గండము. ఆ ద్రవము పసివాడు మ్రింగినచో కొలది మాత్రముననే విషము. చర్మముపై ఒలికినను లోనికి ఇంకును. అమెరికాలో 2016 జనవరిలో, పసిపిల్లలు విప్పలేని మూతలు ఆ సీసాలకు ఉండితీరవలెనని చట్టము చేసిరి. మనకు వస్తువే నిషిద్ధము గనుక దాని మూతనుగూర్చి నిర్దేశించువాడును లేడు. మామిడిపండు వాసన వచ్చుచున్న చిన్న సీసా ఆఱేండ్ల పిల్లవాని చేతికందు ఎత్తున, తండ్రి సంచిలో, చొక్కాల నడుమ ఉండెను. దానిని నేను నా కన్నులతో చూచినాను.

పులివెందులవారికి ఊపిరితిత్తుల మాట క్రొత్తగా చెప్పనక్కఱలేదు. బ్రాహ్మణపల్లె ప్రాంతమున రాతినార గనులు నడచిన కాలము మా తరమువారి జ్ఞాపకములో ఇంకను ఉన్నది. 1979లో అమెరికా కార్మికులపై ప్రకటితమైన పరిశోధనలో, పొగ త్రాగని రాతినార పనివారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఇతరులకంటె సుమారు 5 రెట్లు, రాతినార నెఱుగని ధూమపాయులకు సుమారు 11 రెట్లు, రెండును కూడినవారికి 50 రెట్లకు మించి యుండెను. ఒక హానికి మఱియొక హాని తోడైనపుడు కూడికకు బదులు హెచ్చవేత జరుగుట ఇందు కనబడుచున్నది. ఆవిరి గొట్టము పట్టియు స్నేహితులతో కూడినపుడు సిగరెట్టును ముట్టించువారు పెక్కుమంది. వారికి తగ్గినదేమో వారే చూచుకొనవలెను.

2008 అక్టోబరు 2న బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను నిషేధించిన నాడు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి మా ఊరివాడు, వృత్తిరీత్యా వైద్యుడు, వై.యస్. రాజశేఖరరెడ్డి. ఆ తరువాత బస్సులలో పొగ పోయినది, అది మేలే. కాని విద్యాలయములకు నూఱు గజములలోపల పొగాకు అమ్మరాదను 2003 నాటి చట్టమును బడి గంట కొట్టు వేళ గేటు ఎదుటి బంకుల దగ్గఱ నిలిచి చూడుడు. ఇక బీడీ మాట. 2016-17 సర్వే ప్రకారము మన దేశపు పెద్దలలో సిగరెట్టు త్రాగువారు 4 శాతమైన, బీడీ త్రాగువారు 7.7 శాతము. చీనీతోటలోను అరటితోటలోను పనిచేయు ఆ బీడీ మనిషికి, తానును ఒక బిడ్డకు తండ్రియైన ఆ మనిషికి, మారుటకు ఆవిరి గొట్టమును లేదు, మానుటకు తోడును లేదు. మా ప్రభుత్వాసుపత్రిలో సాయంకాలము ఒక గంటసేపు, పొగ మానదలచినవానిని కూర్చుండబెట్టి మాటలాడి, మందిచ్చి, వారము తరువాత మరల రమ్మను ఒక మనిషిని నియమించుట అసాధ్యమైన కోరిక కాదు. అంతవఱకు 1800-11-2356 అను ఉచిత ఫోను కలదు. 2018 సెప్టెంబరు నుండి అది పెట్టెలమీదనే అచ్చుపడుచున్నది. ఇన్నేండ్లు బంకు ముందు నిలిచి పెట్టె కొన్నవారిలో ఆ అంకెలు చదివిన వానిని నేనింకను చూడలేదు.

మందుల అంగడిలో నికొటిన్ గమ్ము దొరకును. దానిని కూడ చూయింగ్ గమ్మువలె గబగబ నమలి, కడుపులో త్రిప్పినదని పాఱవేయువారే ఎక్కువ. కొన్ని మార్లు మెల్లగా నమలి, నాలుకకు చుఱుక్కుమనగానే ఆపి, చెక్కిలికిని చిగురునకును నడుమ అదిమిపెట్టవలెను. చుఱుకు తగ్గిన తరువాత మరల నమలవలెను. వారములు గడచుకొలది లెక్క తగ్గించుచు పోవలెను. దీనికి లెక్క కలదు, కొస కలదు. కనుమనాడు నేనే పోయి ఒక గమ్ము పొట్లము తెచ్చి, ఏమియు చెప్పక, వాని దిండు ప్రక్కన ఉంచితిని. వాడు దానిని చూచి కొంతసేపు అటునిటు త్రిప్పి, సంచిలోని సీసాను తెచ్చి నా చేతికిచ్చినాడు. మానినాడని నేను చెప్పుట లేదు. అది ఒక పూట మాట మాత్రమే.

ఆ సాయంకాలము బెంగుళూరు బస్సునకు వేళ కాలేదని అరుగుమీద కూర్చుండగా, మనుమడు తండ్రి చెక్కిలి ఉబ్బుటను చూచి, "ఏం తింటాండావు నాయనా, నాక్కూడా పెట్టు" అన్నాడు. ఈసారి చేయి జేబులోనికి పోలేదు.

"మందు రా. నేను సిగరెట్టు తాగుతాంటి. అది మానేదానికి."

"చేదుగుంటాదా?"

"ఉంటాది" అన్నాడు మా వాడు, నోరు తెఱచి చూపుచు.