నికాహ్‌కు ముందు అడగవలసిన అంకె

విదేశంలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చిందంటే మన ఇళ్లలో విచారణ ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. ఏ దేశం, ఏ చదువు, ఖాందాన్ ఎలాంటిది, నమాజు పాటిస్తాడా, అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయా అని అడుగుతాం. ఇవన్నీ అడగవలసినవే. అయితే ఆ అబ్బాయి ఇప్పుడున్న వీసాపై, ఇప్పుడు వస్తున్న జీతంతో, ఆ దేశ చట్టం ప్రకారం భార్యను తన వద్దకు పిలిపించుకోగలడా అన్న ప్రశ్న మాత్రం మన నోటి నుంచి రాదు. "పెళ్లయ్యాక ఆరు నెలల్లో తీసుకెళ్తాడు" అన్న మాటతో తృప్తి పడతాం. ఆ ఆరు నెలలు ఏళ్లుగా మారినప్పుడు తప్పు అబ్బాయిదా, వీసా కార్యాలయానిదా, నసీబుదా అని వాదించుకుంటాం. ఎన్నో సందర్భాలలో దానికి జవాబు నికాహ్ నాటికే ఆ దేశపు నిబంధనలలో ఒక అంకె రూపంలో రాసి ఉంటుంది.

ఉద్యోగ జీవితంలో అధిక భాగం ఆదాయ ధ్రువపత్రాల దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి నేను. పదవీ విరమణ తర్వాత మా మస్జిద్ వద్దకు వచ్చేవారికి దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ఆ అనుభవంతో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆదాయ షరతును నికాహ్‌కు ముందే పరిశీలించడం మర్యాద తక్కువ పని కాదు. అది అమ్మాయి హక్కును కాపాడే పని. అదే సమయంలో, భార్యాభర్తల కలయికకు వెల కట్టే చట్టాలను ప్రశ్నించడం కూడా మన బాధ్యతే.

ముందుగా అమెరికాను తీసుకుందాం. అక్కడి పౌరుడు గాని, గ్రీన్‌కార్డు ఉన్నవాడు గాని భార్యను శాశ్వత నివాసానికి పిలిపించుకోవాలంటే ఐ-864 అనే పూచీకత్తు పత్రంపై సంతకం చేయాలి. ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఆదాయం చూపాలి. సైన్యంలో ఉన్నవారికి కొంత మినహాయింపు ఉంది. 2025 లెక్క ప్రకారం, అలాస్కా, హవాయి మినహా, ఇద్దరు సభ్యుల కుటుంబానికి ఇది ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. అబ్బాయి ఇదే పత్రంపై తల్లిదండ్రులను అంతకుముందే పిలిపించుకుని ఉంటే, ఆ పూచీ ముగిసేదాకా వారిని కూడా కుటుంబ లెక్కలో కలుపుతారు. అప్పుడు చూపవలసిన ఆదాయం పెరుగుతుంది. హెచ్-1బి వీసాపై ఉన్నవారి భార్యలకు ఈ పత్రం అవసరం లేదు. వారిది హెచ్-4 వీసా, ఆ దారి వేరు. కాబట్టి "అమెరికాలో ఉన్నాడు" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు.

బ్రిటన్ షరతు మరింత కఠినం. అక్కడి పౌరులు, స్థిరనివాసులు జీవిత భాగస్వామిని పిలిపించుకోవడానికి 2012 జూలైలో ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయ షరతు పెట్టారు. 2024 ఏప్రిల్ 11న దానిని ఒక్కసారిగా 29,000 పౌండ్లకు పెంచారు. అమ్మాయి హైదరాబాదులో ఎంత పెద్ద జీతం తీసుకుంటున్నా, ఇక్కడి నుంచి పెట్టే తొలి దరఖాస్తులో అది లెక్కకు రాదు. ఆదాయం లేకుండా పొదుపుతోనే షరతు తీర్చాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు చేతిలో ఉన్నట్లు చూపాలి. అక్కడ ఉద్యోగ వీసాపై ఉన్నవారికి ఈ అంకె వర్తించదు, వారి నిబంధనలు వేరు. అయితే 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్ ఉద్యోగాలకు కొత్తగా దరఖాస్తు చేసినవారికి భార్యాబిడ్డలను తీసుకెళ్లే వీలే లేకుండా చేశారు. అదే ఏడాది జనవరి నుంచి మొదలైన కోర్సులలో, పరిశోధన కోర్సులు, ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు మినహా, మాస్టర్స్ విద్యార్థులకు సైతం ఆ తలుపు మూసేశారు. జీతం ఎంతైనా తెరుచుకోని తలుపులు ఇవి.

మన జిల్లాల నుంచి ఎక్కువ మంది వెళ్లే గల్ఫ్ దేశాలలో లెక్కలు ఇంకొక రకం. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. కువైట్ 2024 ఆరంభంలో కుటుంబ వీసాకు నెలకు 800 దీనార్ల జీతం షరతు పెట్టింది. రాయచోటి, కడప ప్రాంతాల నుంచి అక్కడికి వెళ్లి డ్రైవర్లుగా, ఇంటి పనివారుగా బతుకుతున్న మన సోదరులకు అది అందని ద్రాక్ష. సౌదీలో భార్యాబిడ్డలపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము 2017 జూలైలో మొదలై, ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే ఏడాదికి 19,200 రియాళ్లు. వీసా దొరికినా కుటుంబాన్ని నిలుపుకోలేక తిప్పి పంపినవారు మన హైదరాబాదులో ఎందరో ఉన్నారు.

ఈ షరతులకు ఆ ప్రభుత్వాలు చెప్పే కారణం ఒక్కటే: వచ్చేవారు ఖజానాకు భారం కాకూడదు. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. భార్య పోషణ భర్త బాధ్యత అని మన షరీఅత్ కూడా చెబుతుంది. కానీ బ్రిటన్‌కు భార్యగా వెళ్లే అమ్మాయికి మొదటి సంవత్సరాలలో ప్రభుత్వ సహాయ భత్యాలు పొందే హక్కు ఎలాగూ ఉండదు. పైగా ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున వైద్య రుసుము ముందే కట్టించుకుంటారు. అలాంటప్పుడు భారం ఎక్కడ? కెనడాను చూడండి. క్యూబెక్ నిబంధనలను పక్కన పెడితే, భార్యను గాని భర్తను గాని పిలిపించుకోవడానికి అక్కడ సాధారణంగా కనీస ఆదాయ షరతు లేదు. మూడేళ్ల పోషణకు హామీ ఇవ్వాలి; వైకల్యం కారణంగా తప్ప ప్రభుత్వ సహాయంపై బతుకుతూ ఉండకూడదు. ఖజానాను కాపాడుకుంటూనే కుటుంబాన్ని కలపవచ్చని ఆ దేశం చూపుతోంది. కుటుంబానికి సమాజం, రాజ్యం రక్షణ ఇవ్వాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 16వ అధికరణం చెబుతోంది. గుమాస్తాకు, డ్రైవరుకు ఆ రక్షణ లేకుండా జీతం పెద్దదైనవారికే అది దక్కితే దానిని హక్కు అని ఎలా అనగలం? వలస కార్మికుల కుటుంబాల కలయికను ప్రోత్సహించమని కోరే 1990 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం కూడా ఆమోదించలేదు. గల్ఫ్ ప్రభుత్వాలతో కార్మికుల గురించి మాట్లాడే ప్రతిసారీ వారి భార్యాబిడ్డల గురించి కూడా మాట్లాడమని మన ఎంపీలను అడగాలి.

చట్టాలు మారేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేయాలి. నిశ్చితార్థానికి ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. అబ్బాయి వీసా ఏ రకానిది, దానిపై భార్యను పిలిపించుకునే వీలుందా? ఈనాడు ఆ దేశం అడుగుతున్న ఆదాయం ఎంత? అబ్బాయి జీతపు చీటీ, పన్ను పత్రాలు ఆ అంకెను అందుకుంటున్నాయా? ఈ అంకెలు మారుతూ ఉంటాయి కనుక మధ్యవర్తి మాట, ఏజెంటు మాట కాక, ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో ఆనాడు ఉన్నదే ప్రమాణంగా తీసుకోవాలి. మస్జిద్ కమిటీలో చదువుకున్న యువకులు ఇద్దరు ముందుకొస్తే ఈ పరిశీలన ఒక సాయంత్రం పని.

జీతం అడిగితే అబ్బాయి వారు నొచ్చుకుంటారని కొందరు పెద్దలంటారు. మెహర్‌ను అంకెలలో రాసి, సాక్షుల ముందు చదవడానికి మనకు సంకోచం లేదు. ఆ భార్య ఎక్కడ, ఎవరి కప్పు కింద బతుకుతుందో చెప్పే అంకెను అడగడానికి సంకోచం దేనికి? నిజాయితీగల అబ్బాయి జీతం తక్కువైతే తక్కువని చెబుతాడు. "రెండేళ్లు ఆగాలి" అని తెలిసి ఒప్పుకున్న అమ్మాయి ఎదురుచూపు వేరు, తెలియక చిక్కుకున్న అమ్మాయి ఎదురుచూపు వేరు.

రెండు హెచ్చరికలు. ఆదాయం చాలదని దొంగ జీతపు చీటీలు పుట్టించడం, అప్పు తెచ్చి ఖాతాలో చూపి పొదుపు అనడం ఎన్నడూ చేయరాదు. అది అబద్ధం కావడమే కాక, మోసం రుజువైతే బ్రిటన్ పదేళ్లు నిషేధించగలదు. అమెరికాలో ఆ మచ్చ జీవితాంతం వెంటాడవచ్చు. రెండవది, అమెరికాలో అబ్బాయి ఆదాయం చాలనప్పుడు అక్కడే స్థిరపడిన బంధువు ఉమ్మడి పూచీదారుగా నిలవవచ్చు. పెళ్లి విందులో మాట ఇచ్చినంత తేలికగా ఆ సంతకం చేయకూడదు. వచ్చిన అమ్మాయి పౌరసత్వం పొందేదాకా, లేదా ఆమెకు సుమారు పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకా ఆ పూచీ నిలిచే ఉంటుంది. ఆమె మరణిస్తేనో, ఆ దేశాన్ని శాశ్వతంగా వదిలితేనో తప్ప అంతకు ముందు తీరదు. తలాక్ అయినా రద్దు కాదు.

ఈ చివరి మాట మన ఆడపిల్లలకు తప్పక తెలియాలి. ఆ పత్రంపై వెళ్లి శాశ్వత నివాసం పొందిన భార్యను భర్త వదిలేస్తే, పత్రంలో హామీ ఇచ్చిన మేరకు పోషణ ఇవ్వమని ఆమె అమెరికా కోర్టును ఆశ్రయించవచ్చు. ఎంతోమంది ఈ సంగతి తెలియక చేతులు కట్టుకుని తిరిగి వస్తున్నారు. మీ అమ్మాయి విమానం ఎక్కే ముందు నికాహ్‌నామా నకలుతో పాటు, భర్త సంతకం చేసిన ఐ-864 నకలు కూడా ఆమె చేతిలో పెట్టండి.