గ్యాసు కొట్టడం కాదు, లీకు పట్టాలి
పాత కార్ల ఏసీలపై ఏటా దండగ ఖర్చు

ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది. పల్నాటి ఎండ ఎలాంటిదో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో మాచర్ల నుంచో, పిడుగురాళ్ల నుంచో రోగిని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లే అద్దె కారులో ఏసీ ఉండటం విలాసం కాదు, అవసరం. ఏసీ పనిచేయని బండిని బాడుగకు పిలిచేవారూ తక్కువే. అయితే పల్లెల్లో తిరిగే కార్లు చాలావరకు సెకండ్ హ్యాండులో కొన్నవి. పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవి. వీటి యజమానులకు ఏసీ ఏటేటా ఒక తద్దినంగా మారుతోంది.

మార్చిలో ఏసీ వేస్తే వేడిగాలి వస్తుంది. మెకానిక్కు దగ్గరకు వెళితే గ్యాసు అయిపోయిందంటాడు. గ్యాసు కొట్టిస్తే చల్లబడుతుంది. వేసవి దాటకముందే కథ మళ్లీ మొదటికొస్తుంది. మరుసటి ఏడు మళ్లీ అదే తంతు. చిల్లు కుండలో నీళ్లు పోయడమంటే ఇదే.

ఏసీ గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యే సరుకు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగిన గ్యాసే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కంప్రెసర్ దాన్ని ఒత్తుతుంది. బండి ముందున్న కండెన్సర్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది. డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరై లోపలి వేడిని లాక్కుంటుంది. అక్కడి నుంచి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. పాత రబ్బరు గొట్టాల గుండా ఏడాదికి కొన్ని గ్రాములు ఇంకిపోవడం మామూలే. ఆ లెక్కన చల్లదనం తగ్గాలంటే ఏళ్లు పడుతుంది. ఒక్క వేసవిలోనే గ్యాసు పోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. చెరువుకు గండి పడితే రైతు ముందు గండి పూడుస్తాడు గాని, నీళ్లు తెచ్చి పోయడు. కారు ఏసీకి మాత్రం ఈ ఇంగితం ఎందుకు వర్తించకూడదు?

నష్టం గ్యాసు డబ్బుతో పోదు

కంప్రెసర్ అరగకుండా కాపాడే నూనె గ్యాసుతో పాటే గొట్టాల్లో తిరుగుతుంది. లీకున్న చోట గ్యాసుతో బాటు నూనె కూడా చెమ్మగిల్లి బయటికొస్తుంది. గ్యాసు తగ్గిన కొద్దీ మిగిలిన నూనె కూడా కంప్రెసర్‌కు సరిగా తిరిగి రాదు. చివరికి కంప్రెసర్ పట్టేస్తుంది. చిన్న రబ్బరు రింగు మారిస్తే తీరిపోయే పని కంప్రెసర్ మార్చేదాకా వస్తుంది. బాడుగ మీద బతికే డ్రైవరుకు అది కోలుకోలేని దెబ్బ.

ఊరికి, లోకానికి జరిగే నష్టం కూడా ఉంది. పాత అంబాసిడర్, మారుతి బళ్ల ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాసు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తుందని తేలింది. దాన్ని అరికట్టేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ల లెక్కన ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. చిన్న కారులో పట్టే గ్యాసు అరకిలో అటూ ఇటూ. అది గాలిలో కలిస్తే సుమారు 700 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టే. ఎండ బాధ తప్పించుకోవడానికి కొట్టించిన గ్యాసు ఎండను పెంచడానికే పోతోందన్నమాట.

వెతికే తీరు

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాసుదే కాదు. బెల్టు వదులైందా, కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందా, కండెన్సర్‌కు దుమ్ము పట్టిందా, కంప్రెసర్ క్లచ్ పడుతోందా అన్నవి ముందుగా చూడాలి. కారు కింద నీళ్లు కారుతున్నాయని కంగారు పడేవారున్నారు. అది గాలిలోని తేమే. లీకు కాదు.

గ్యాసు తగ్గిందని గేజీ పెట్టి తేల్చుకున్నాక కంటితో వెతకాలి. ఇంజను ఆపి, టార్చిలైటు వేసి, గొట్టాల అతుకులు, కంప్రెసర్ ముందు భాగం, కండెన్సర్ మూలలు చూడాలి. నూనె జిడ్డుకు దుమ్ము పట్టి నల్లగా అంటుకున్న చోటు మీద అనుమానం పెట్టుకోవాలి. గ్యాసు కొట్టే వాల్వుల మూతలు ఉన్నాయో లేదో చూడాలి. ఆ మూతలు పారేయడం వల్ల కూడా గ్యాసు పోతుంది. కంకర లారీల వెంట తిరిగే బళ్లకు రాళ్లు తగిలి కండెన్సర్‌కు చిల్లి పడే అవకాశం ఎక్కువ.

తరువాత సబ్బు నీళ్లు. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూసే పద్ధతే ఇది. చిక్కటి సబ్బు నురుగును అతుకుల మీద కుంచెతో రాసి, కాసేపు ఓపికగా చూడాలి. అయితే లోపల ఒత్తిడి ఉంటేనే బుడగ వస్తుంది. గ్యాసు పూర్తిగా పోయిన బండికి నైట్రోజన్ ఎక్కించి చూడాలి. దానికి రెగ్యులేటరు తప్పనిసరి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కించడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నూనెతో కలిస్తే పేలుతుంది.

సబ్బు నీళ్లకు దొరకని సన్నటి లీకులను ఎలక్ట్రానిక్ డిటెక్టరు పసిగడుతుంది. ఈ గ్యాసు గాలికన్నా బరువు. అందుచేత డిటెక్టరును అతుకు కింది వైపున, గాలి తగలకుండా, నెమ్మదిగా జరపాలి. కూలింగ్ కాయిల్ కంటికి కనబడదు. ఫ్యాను ఆపి పావుగంట ఆగి, నీళ్లు కారే గొట్టం దగ్గర డిటెక్టరు పెడితే గుట్టు తెలుస్తుంది. మరో పద్ధతి రంగు ద్రవం. దాన్ని గ్యాసుతో ఎక్కించి, కొన్ని రోజులు బండి తిప్పి, చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే కారిన చోట పచ్చగా మెరుస్తుంది.

వ్యాక్యూమ్ పెట్టి ముల్లు నిలబడిందని చూపి లీకు లేదని చెప్పేవారున్నారు. లోపలి తేమ పోవడానికి వ్యాక్యూమ్ కావలసిందే. కాని లీకు పరీక్షగా అది చాలదు. బండి నీడన ఆగి ఉన్నా, 35 డిగ్రీల వేడిలో ఆర్-134ఎ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 115 పౌండ్లు ఉంటుంది. అంటే టైరులో గాలికి దాదాపు నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి తెరుచుకునే సందు వ్యాక్యూమ్‌కు మూసుకుని ఉండవచ్చు.

చవకగా వస్తుందని వంటగ్యాసు కొడతామంటే ఒప్పుకోరాదు. కూలింగ్ కాయిల్ లీకైతే అది నేరుగా మనుషులు కూర్చున్న చోటికే వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. చిల్లులు పూడ్చే మందులు పోయించడం కూడా మంచిది కాదు. అవి సన్నటి దారులను మూసేస్తాయి. అతుకులు విప్పడం ఇంటివద్ద చేసే పని కాదు. ఒక్కసారిగా చిమ్మే గ్యాసు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది.

తప్పు ఒక్కరిదే కాదు

మెకానిక్కులను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. డ్యాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ చూడాలంటే రోజంతా పడుతుంది. ఆ కూలీ ఇవ్వడానికి యజమాని ఒప్పుకోడు. సాయంత్రం పెళ్లి బాడుగ ఉంది, గ్యాసు కొట్టి పంపెయ్ అంటాడు. వెతకడానికి పైసా ఇవ్వనివాడు గ్యాసుకు మాత్రం మాట్లాడకుండా ఇస్తాడు. మెకానిక్కు కూడా దానికే అలవాటు పడ్డాడు. ఈ వరస మారాలి. లీకు వెతికిన పనికి వేరే కూలీ ఉండాలి. ఎక్కడ లీకైందో, ఏ భాగం మార్చారో, ఎన్ని గ్రాముల గ్యాసు ఎక్కించారో బిల్లు మీద రాసివ్వాలి. మార్చిన పాత భాగాన్ని యజమాని చేతిలో పెట్టాలి.

డిటెక్టరు, నైట్రోజన్ సిలిండరు, రెగ్యులేటరు కొనడం చిన్న షెడ్డు నడిపేవారికి భారమే. ఒక పట్టణంలోని నలుగురైదుగురు మెకానిక్కులు కలిసి కొనుక్కుంటే ఆ భారం తగ్గుతుంది. జిల్లాలోని ఐటీఐలు వేసవికి ముందు కొద్ది రోజుల శిక్షణ ఇస్తే చూసి నేర్చుకున్న పనికి చదువు తోడవుతుంది. సంబంధిత అధికారులు ఈ దిశగా ఆలోచించాలి.

యజమానులు చేయగలిగింది ఇంకా తేలిక. మెకానిక్కులకు తీరిక లేని ఏప్రిల్ దాకా ఆగకుండా ఫిబ్రవరిలోనే బండి చూపించాలి. గ్యాసు తగ్గిందనగానే డబ్బు తీయకుండా, ఎక్కడి నుంచి పోయిందో ముందు చూపించమని అడగాలి.