మన భాషా పాఠం మనమే తీసి చూద్దాం

కొండపల్లి తల్లిదండ్రులకు, తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ చెప్పే టీచర్లకు, విద్యాశాఖ అధికారులకు విన్నపం.

2020లో, కరోనా రోజుల్లో, టీచర్లకిచ్చే నిష్ఠ శిక్షణ దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చింది. టీచర్లు వీడియోలు చూశారు, క్విజ్ రాశారు, సర్టిఫికెట్ దింపుకున్నారు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన వీడియో దానంతటది నడిచిన ఇళ్లూ ఉన్నాయి. అందుకు టీచర్లను అని లాభం లేదు. స్టూడియోలో నిపుణుడు చెప్పేదానికీ, పిల్లలతో కిక్కిరిసిన గదికీ పొంతన ఎక్కడ?

మేమడిగే వీడియో వేరు. టీచరు తన పాఠాన్ని పది నిమిషాలు ఫోన్లో తీసి ముందు తానే చూసుకోవాలి, ఆపైన తోటి భాషా టీచర్లతో కలిసి చూడాలి. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన మైక్రో టీచింగ్ ఇలాంటిదే. మన బీఈడీ కాలేజీల్లో దాని పేరు మిగిలింది, వీడియో జారిపోయింది.

చూస్తే ఏం తెలుస్తుంది? ‘విద్యార్థి’ అని చెబితే పిల్లవాడు ‘విధ్యార్ది’ అని రాస్తాడు. ఎర్రసిరాతో ఎన్నిసార్లు దిద్దినా అంతే. వీడియో పెట్టి వింటే, టీచరు నోట కూడా ద, ధ, థ ఒకేలా వినిపించవచ్చు. చెవికి అందని తేడా చేతికి ఎలా వస్తుంది? ఇంకొకటి, ప్రశ్న వేశాక టీచరు ఎంతసేపు ఆగుతారో చూడండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతులు పరిశీలించి, సగటున ఒక్క సెకనని తేల్చారు. మూడు సెకన్లు ఆగితే పిల్లలు ఎక్కువ మాట్లాడారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు మాట వెతుక్కునే మన ఊరి పిల్లలకు కావలసింది ఆ కాస్త వ్యవధే.

చాలా బడుల్లో ఒక్కో భాషకు ఒకరో ఇద్దరో టీచర్లు. ఇంకొకరి పాఠం చూసే వీలే లేదు. ఇబ్రహీంపట్నం పాఠం కొండపల్లిలో, కొండపల్లి పాఠం మైలవరంలో చూడటానికి ఆ టీచరు పంపే వీడియో లింకు చాలు.

టీచర్ల భయం మాకు తెలుసు. 2024 దాకా మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపడం, ఫోనుకు ముఖం చూపించి హాజరు... ఫోను అంటేనే నిఘా అయిపోయింది. కాబట్టి వీడియో టీచరు సొంతం. పిల్లల ముఖాలు పడకుండా వెనక బెంచీ నుంచి బోర్డు వైపే తీయాలి. అధికారులు అడగకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకూడదు, దాని మీద మెమోలు ఉండకూడదు. ఈ హామీ రాతపూర్వకంగా రానిదే ఏ టీచరూ తీయక్కర్లేదు, మేమూ అడగం.

టీచర్ల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట దీనికి కేటాయించండి. అక్కడ చదివే సర్క్యులర్లు ఇంటి దగ్గరా చదువుకోవచ్చు. ఫోను నిలబెట్టే స్టాండ్లు మన ఊరి బొమ్మల కాలనీలో, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్రతోనే చేయించి, బడికొకటి చొప్పున మేమే ఇస్తాం.

– కొండపల్లి తల్లిదండ్రులు, విశ్రాంత ఉపాధ్యాయులు