‘అన్‌ఫిట్’ – చీటీ మీద లేని మాటలు

కిందటేడు వానాకాలం పోయే రోజుల్లో మా మేళ్లచెరువు పిల్లలకు కంటి పరీక్షల శిబిరం ఒకటి జరిగింది. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. మా అక్క బిడ్డ అప్పుడు పదో తరగతి. ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదవమంటే నాలుగో వరుస దగ్గర ఆగిపోయింది. పరీక్ష చేసినాయన రెండు కళ్ళకూ మైనస్ ఒకటిన్నర అని చీటీ రాసి, "పెద్దయి ఏం చేస్తవమ్మా?" అని అడిగాడట. ఆ పిల్ల ఏడో తరగతి నుంచీ చెబుతున్నది ఒకటే మాట, యుద్ధ విమానం నడుపుతానని. అదే చెప్పింది. ఆయన నవ్వి, "అయితే అది మర్చిపో. నువ్వు అన్‌ఫిట్" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచీ పిల్లల కళ్ళు చూసీ చూసీ అలసిపోయిన మనిషి. చెప్పినదాంట్లో సగం నిజం కూడా ఉంది. ఆ సగం నిజం ఇంటికి చేరేసరికి ఏమైందన్నదే నేను చెప్పదలుచుకున్న సంగతి.

అక్కకు గుండె మీది బరువు దిగినట్టయింది. "పోనీలే, దేవుడే అడ్డంబడ్డడు" అంది. మా అమ్మ, "అద్దాలు బడిలనే పెట్టుకో బిడ్డా, బయట పెట్టుకోకు. రేపు సంబంధాలు రావద్దా?" అంది. బావ రాత్రికి వచ్చి లెక్క తేల్చాడు. పైలట్ కానప్పుడు ఎంపీసీ ఎందుకు, కోదాడలో అంత ఫీజు కట్టడం దండగ, సీఈసీలో చేరుతుంది, డిగ్రీ అయ్యేలోపు చూద్దాం అన్నాడు. ఆ ‘చూద్దాం’ అంటే ఏం చూడటమో మనకందరికీ తెలుసు. చీటీ మీద ఉన్నది ఒక్క అంకె. తెల్లారేసరికి దాని పక్కన మూడు తీర్పులు చేరాయి: అద్దాలు దాచు, లెక్కలు మానెయ్, పెళ్ళికి సిద్ధంగా ఉండు.

(మా ఊళ్ళో ఎవరికి ఏ రోగమొచ్చినా సిమెంటు దుమ్ము మీద తోస్తాం. దాని పాపాలు దానికున్నాయి గానీ, పిల్లకు దూరపు చూపు తగ్గడం దుమ్ము పని కాదు. ఆ మాట ఒప్పించడానికే నాకు ఒక పూట పట్టింది.)

ఇదంతా నాకు కొత్త కాదు. 1994లో నేనూ పదో తరగతే. వైమానిక దళం ఆడవాళ్ళను పైలట్లుగా తీసుకుంటోందని బడికి వచ్చే పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి సైన్సు నోట్సులో పెట్టుకున్నాను. ఆ ఏడు సెప్టెంబర్ 2న హరితా కౌర్ దియోల్ ఆవ్రో విమానాన్ని ఒంటరిగా నడిపింది. రెండేళ్ళకు, 1996 డిసెంబర్ 24న, నెల్లూరు దగ్గర విమానం కూలి పాతికేళ్ళకే చనిపోయింది. ఆ వార్త చదివేనాటికే నా ఆశ పోయింది. బోర్డు కనబడక నేను పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటుంటే కాపీ కొడుతున్నానని దెబ్బలు తిన్నాను. చూపు లోపం అని తేలాక కూడా ఏడాదిన్నర దాకా అద్దాలు కొనలేదు. కొన్నాక, పెళ్ళిచూపుల రోజు మా అమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచింది. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం నాకొక మసక ముద్ద. ఆ మసక ముద్దకే తలవంచి తాళి కట్టించుకున్నాను. ఆయన తర్వాత మంచివాడే అని తేలింది, అది నా అదృష్టం తప్ప మా అమ్మ తెలివి కాదు.

అందుకే ఈసారి నియమాలు తెచ్చుకుని కూర్చుని చదివాను. ఇంటర్ తర్వాత ఎన్.డి.ఏ. ద్వారా పైలట్ శాఖలో చేరాలంటే మైనస్ చూపు పనికిరాదు. ఆయన చెప్పిన సగం నిజం ఇదే. ఇక్కడ వాదించడానికి ఏమీ లేదు. విమానం నడిపేవాళ్ళ కళ్ళ గురించి కఠినంగా ఉండటం వివక్ష అని నేను అనను. అయితే డిగ్రీ తర్వాత వైమానిక దళమే పెట్టే ప్రవేశ పరీక్ష ఇంకొకటి ఉంది, ఎ.ఎఫ్.క్యాట్ అంటారు. 20 నుంచి 24 ఏళ్ళ వయసువాళ్ళు దాని ద్వారా పైలట్ శాఖకు పోవచ్చు. లేసిక్ లాంటి కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను అక్కడ షరతుల మీద పరిశీలిస్తారు. ఆపరేషన్ 20 ఏళ్ళు నిండాకే జరిగి ఉండాలి, జరిగాక కనీసం 12 నెలలు గడవాలి, అంతకుముందు పవరు మరీ ఎక్కువగా ఉండి ఉండకూడదు, కార్నియా తగినంత మందంగా మిగలాలి. ఇది అందరికీ కుదిరేది కాదు. ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కూర్చున్న ఎత్తు, కాలి పొడవు కూడా కొలుస్తారు. విమానం నడిపే నేర్పు ఉందా లేదా అని చూసే పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అన్నీ దాటినా ఎంపిక కాకపోవచ్చు. ఐనా అది ఒక దారి. ఆకాశం కుదరకపోతే అదే దళంలో నేల మీది శాఖలున్నాయి, వాటిలో అద్దాలవాళ్ళకు చోటుంది.

ఆ దారిన పోవాలంటే ఇంటర్లో మాథ్స్, ఫిజిక్స్ చదివి ఉండాలి. రెండింటిలోనూ విడివిడిగా 50 శాతం రావాలి. అంటే మా బావ ఆ రాత్రి అన్న మాట ప్రకారం పిల్లను సీఈసీలో చేర్చి ఉంటే, కళ్ళు మూయని తలుపును మేమే మూసేవాళ్ళం. మూసి, పాపం కళ్ళు బాగాలేవు అని జాలిపడేవాళ్ళం.

ఇంకో నియమం నన్ను చాలాసేపు ఆపింది. 25 ఏళ్ళలోపు అభ్యర్థులకు పెళ్ళి కాకూడదు. ఆ వయసులోపు భర్త పోయినవాళ్ళూ, విడాకులు తీసుకున్నవాళ్ళూ కూడా అర్హులు కారు. మగవాళ్ళకూ ఇదే నియమం. కాగితం మీద సమానమే, కాదనను. కానీ మన వైపు 20 ఏళ్ళ మగపిల్లవాడికి పెళ్ళి చేయాలని ఎవరు తొందరపడుతున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 20–24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని చెప్పింది. పదిహేడేళ్ళకు పెళ్ళి చేస్తే, ఎదురు తిరిగి, కోర్టుకెక్కి, ఇరవయ్యేళ్ళకు బయటపడ్డ పిల్లను చట్టం బాధితురాలు అంటుంది. ఈ నియమం అనర్హురాలు అంటుంది. దీని మీద మన సంఘాలు ఎక్కడైనా మాట్లాడాయా? నేను పాల్గొన్న ఏ సమావేశంలోనూ వినలేదు.

మగపిల్లల సంగతి వేరుగా ఉంటుంది. మా హుజూర్‌నగర్ నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికైన ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఒకప్పుడు మిగ్ విమానాలు నడిపిన పైలట్. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. మా దగ్గర మగపిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ చెప్పి పెంచుతారు. కళ్ళు కుదరలేదంటే నేవీ చూద్దాం, అదీ కాకపోతే ఎస్సై పరీక్ష చూద్దాం అని ఇల్లంతా వాడితోపాటు వెతుకుతుంది. సైనిక్ స్కూళ్ళన్నీ ఆడపిల్లలను చేర్చుకున్నది 2021–22లో. యుద్ధ విమానాల పైలట్లుగా మొదటి ముగ్గురు స్త్రీలు, అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, మన హైదరాబాదు పక్కనున్న దుండిగల్ అకాడమీ నుంచే బయటికి వచ్చారు, 2016 జూన్ 18న. మా ఊళ్ళో ఎంతమంది తల్లులకు ఆ పేర్లు తెలుసు? మా అక్కకు తెలియదు. అడిగి చూశాను.

మన తెలుగుపిల్ల కథ ఒకటి చెబితే మాత్రం ఆసక్తిగా విన్నది. గుంటూరు వైపు పుట్టి అమెరికాలో హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీషకు కూడా చిన్నప్పటి నుంచీ ఆకాశమే లోకం. చూపు సరిగా లేక సైనిక పైలట్‌గా మొదలుపెట్టి వ్యోమగామి అయ్యే దారి ఆమెకు మూసుకుపోయింది. పర్డ్యూ యూనివర్సిటీలో విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ చదివి, ప్రైవేటు అంతరిక్ష సంస్థ వర్జిన్ గెలాక్టిక్‌లో చేరి, 2021 జూలై 11న అదే సంస్థ నౌకలో అంతరిక్షపు అంచుదాకా పోయి వచ్చింది. అక్క విన్నాక ఒక్క మాటే అంది: "వాళ్ళ అమ్మానాయన చదువుకున్నోళ్ళు గదనే." నా దగ్గర జవాబు లేదు. హ్యూస్టన్‌లో ఒక దారి మూసుకుపోతే ఇంకొకటి చూపించే టీచర్లుంటారు, కాలేజీలుంటాయి. ఇక్కడ ఆ పని ఎవరో ఒకరు పూనుకుని చేయాలి. శిరీష పేరు చెప్పి పిల్లలను ఉత్సాహపరిచి ఇంటికి పంపితే సరిపోదు.

శరీరాన్ని కొలిచే నియమం కొలబద్దగానే ఉంటుందనీ, దాంతో మనుషులను గెంటేయరనీ నమ్మకండి. సైన్యంలో పర్మనెంట్ కమిషన్ కోసం మహిళా అధికారులు ఏళ్ళ తరబడి పోరాడి 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో గెలిచారు. గెలిచాక వాళ్ళ ముందు పెట్టిన అడ్డంకి ఏమిటో తెలుసా? వైద్య ప్రమాణం. తోటి మగ అధికారులను పాతికా ముప్ఫై ఏళ్ళ వయసులో పరీక్షించిన ప్రమాణాన్నే, నలభై దాటిన ఈ స్త్రీలు ఇప్పుడు చూపించాలన్నారు. లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో 2021 మార్చి 25న సుప్రీంకోర్టు ఇది పరోక్ష వివక్ష అని తేల్చింది. పైకి అందరికీ ఒకటే అనిపించే నియమం ఒకరి మీదే ఎట్లా పడుతుందో తెలుసుకోవాలంటే మన కార్యకర్తలందరూ ఆ తీర్పు చదవాలి. మా అక్క ఇంట్లో జరిగింది దానికి చిన్న నమూనా.

సీట్ల లెక్క కూడా చూడండి. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే తప్ప ఎన్.డి.ఏ. పరీక్ష రాయడానికి ఆడపిల్లలకు వీల్లేకపోయింది. ఆ తర్వాత 2023లో జరిగిన ఒక పరీక్షలో వైమానిక దళం పైలట్ శాఖకు 92 ఖాళీలుంటే ఆడపిల్లలకు కేటాయించినవి 2. మిగిలిన 90లో 20 నిండలేదు. అన్నీ పాసయి, విమానం నడపడానికి ఫిట్ అన్న సర్టిఫికెట్ కూడా ఉన్న ఒక యువతి, ఖాళీగా ఉన్న సీటు నాకెందుకివ్వరని ఢిల్లీ హైకోర్టుకు పోయి 2025 ఆగస్టులో గెలుచుకుంది. అన్‌ఫిట్ అంటే కాదంటారు సరే, ఫిట్ అయినా కోర్టుకు పోవాల్సి వచ్చింది.

మా సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తితే ఒక పెద్దక్క నన్ను నిలదీసింది: "బాంబులేసే విమానాల్లో కూర్చోబెట్టడమా మన ఉద్యమం?" ఆమె మాట తోసెయ్యలేను. యుద్ధాల్లో నలిగేది స్త్రీలేనని మనమే రాశాం, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కానీ సైన్యం వద్దు అని చెప్పే హక్కు ఆ పిల్లకుంది, ఆ పెద్దక్కకుంది, నాకుంది. సంబంధాలు రావేమోనన్న భయంతో ఇంట్లోవాళ్ళు వద్దనిపించడం దానికి సాటి రాదు. పిల్ల పెద్దదై, చదువుకుని, యుద్ధం గురించి ఆలోచించి తనే మానుకుంటే నేను సంతోషిస్తాను. అద్దాల కోసం మానుకుంటే ఒప్పుకోను.

మనం చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. 2018లో, మళ్ళీ 2023లో కంటి వెలుగు శిబిరాలు వచ్చినప్పుడు మా ఊళ్ళో ముసలమ్మలు సంతోషంగా అద్దాలు తెచ్చుకుని పెట్టుకున్నారు, పెళ్ళి భయం లేదు కాబట్టి. ఆడపిల్లల కళ్ళు పదో తరగతిలో కాదు, ఆరో తరగతిలో చూడాలి, ఏటా చూడాలి. చూశాక రాసిచ్చిన అద్దాలు మొహం మీద ఉన్నాయా, పెట్టెలో ఉన్నాయా అని ఆ ఇంటికి పోయి కనుక్కోవాలి. కళ్ళతోపాటు రక్తం కూడా చూడాలి. తెలంగాణ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది, బోర్డు ముందు నిలబడ్డ రోజున అది కూడా అడ్డమొస్తుంది. ఎవరైనా అన్‌ఫిట్ అంటే దేనికి అన్‌ఫిట్, ఎంతకాలానికి అని కాగితం మీద రాసిమ్మని అడగడం పిల్లలకు నేర్పాలి. సైనిక వైద్య బోర్డు కాదన్నా దాని మీద అప్పీలు బోర్డుంది, ఆ పైన రివ్యూ ఉంది, రెండిటికీ గడువులున్నాయి. ఊళ్ళో శిబిరంలో ఒకాయన నవ్వుతూ అన్న మాట వైద్య బోర్డు తీర్పు కాదు.

మా పిల్ల ఇప్పుడు కోదాడలో ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. అంత సులువుగా ఏమీ జరగలేదు. బావతో రెండు నెలలు మాటల్లేవు, ఫీజులో సగం నేనే కడుతున్నాను. అద్దాలు బస్సులో కూడా పెట్టుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "చిన్నమ్మా, 20 నిండినంక ఆపరేషన్‌కు ఎంతైతది?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. మిర్యాలగూడ నుంచి ఎవరో అడిగించారట, రైస్‌మిల్లున్నవాళ్ళు, రెండేళ్ళాగుతామంటున్నారట, అద్దాలున్నా ఫరవాలేదన్నారట. అక్క గొంతులో సంతోషం దాచుకున్నా దాగలేదు. ఈ ఆదివారం మేళ్లచెరువు పోతున్నాను.