చార్వాకాన్ని దాటి వచ్చినవానిని పరిహసించరాదు

దేవతార్చనము గాని, సంధ్యావందనము గాని, కనీసం పండుగనాటి దీపారాధన గాని ఎరుగని గృహాలలో పెరిగిన యువకులు కొందరు నేడు బౌద్ధ గ్రంథాలు పఠిస్తున్నారు. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతాలలో అట్టివారికి సుదూర యాత్ర అవసరం లేదు. వంశధారా తీరాన శాలిహుండం కొండ ఉన్నది. రామతీర్థం చెంత గురుభక్తులకొండ ఉన్నది. ఆ శిథిల స్తూపాల నడుమ కూర్చుండి "దుఃఖానికి మూలమేమి?" అని ప్రశ్నించుకొనే యువకునికి ఆస్తిక సమాజం ఇస్తున్న సమాధానం విచారకరమైనది. కొందరు "నాస్తికుడు బౌద్ధుడైతే ఒరిగేదేమున్నది?" అని పరిహసిస్తారు. మరికొందరు "బుద్ధుడు దశావతారాలలో ఒకడే గదా" అని చర్చకు తెర దించుతారు. ఈ రెండు మార్గాలూ శాస్త్రసమ్మతములు కావు.

మొదటిదానిని పరిశీలిద్దాం. 14వ శతాబ్దానికి చెందిన మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం 16 దర్శనాలను సోపానక్రమంలో నిలిపింది. అందులో ప్రథమం చార్వాకం, ద్వితీయం బౌద్ధం. పైగా అనుమాన ప్రమాణాన్ని త్రోసిపుచ్చిన చార్వాకుని ఖండనతోనే అక్కడ బౌద్ధ ప్రకరణం ఆరంభమవుతుంది. దేహమే సర్వస్వమనే వాతావరణంలో పెరిగి, కర్మను, కర్మఫలాన్ని, తృష్ణాక్షయాన్ని గూర్చి ఆలోచించడం మొదలుపెట్టినవాడు పతితుడు కాడు. ఒక మెట్టు ఎక్కినవాడు. మెట్టు ఎక్కినవానిని తోసివేస్తే అతడు ఆలయంలో పడడు. క్రింది మెట్టుపైనే పడతాడు.

ఇక అవతారవాదం. జయదేవుని గీతగోవిందం బుద్ధుని దశావతారాలలో కీర్తించిన మాట సత్యమే. కాని భాగవతాది పురాణాలలో బుద్ధావతార ప్రయోజనం అసురసమ్మోహనం. దక్షిణదేశంలోని కొన్ని అవతార గణనలలో బుద్ధునికి బదులు బలరాముడు కనిపిస్తాడు. ఇవేవీ విచారించక "ఆయనా మావాడే" అనడం బుద్ధుని గౌరవించడమూ కాదు, పురాణాన్ని గౌరవించడమూ కాదు. జిజ్ఞాసువు అడిగినది బుద్ధుని వంశవృక్షం కాదు, దుఃఖనివృత్తి మార్గం.

పూర్వపక్షాన్ని సమగ్రంగా తెలియక సిద్ధాంతం చెప్పరాదనేది మన విద్యాసంప్రదాయం. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యం ద్వితీయాధ్యాయ ద్వితీయపాదంలో బాహ్యార్థవాదాన్ని, విజ్ఞానవాదాన్ని విడివిడిగా విచారించిన తరువాతనే నిరాకరించారు. కుమారిల భట్టపాదుడు బౌద్ధవిహారంలో శిష్యుడై చేరి వారి శాస్త్రం అభ్యసించాడని, పిమ్మట ఆ గురుద్రోహానికి ప్రాయశ్చిత్తంగా తుషాగ్నిలో ప్రవేశించాడని శంకరవిజయం చెబుతున్నది. ఖండించదలచిన మతాన్ని ఎరుగుటకు అంతటి మూల్యం చెల్లించిన పరంపర మనది. ద్వాదశ నిదానాల పేర్లయినా తెలియనివారు బౌద్ధాన్ని తృణీకరించడం ఆ పరంపరకు అవమానం.

అయితే నూతన జిజ్ఞాసువుకు కూడా ఒక హితవు అవసరం. బౌద్ధమంటే పూజలు లేని, విశ్వాసం లేని, కేవలం బుద్ధిగమ్యమైన శాస్త్రమని అతనికి ఎవరో చెప్పి ఉంటారు. 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన శాలిహుండం ఆ మాటను నిరాకరిస్తుంది. అక్కడ ధాతుపేటికలు లభించాయి; తారా, మారీచీ దేవతల ప్రతిమలు లభించాయి. శరణాగతి, ధాతుపూజ, పునర్జన్మ విశ్వాసం బౌద్ధానికి బయటినుండి అంటిన ధూళి కాదు. సత్యనారాయణ గోయెంకాగారి పరంపరలోని 10 దినాల విపశ్యనా శిబిరంలో సైతం పంచశీల స్వీకారం ముందు, ధ్యానోపదేశం తరువాత. కాలామసూత్రం స్వేచ్ఛావిచారాన్ని బోధిస్తుందని చెప్పేవారు, విజ్ఞులు ప్రశంసించినదానిని ఆచరించి పరీక్షించమన్న భాగాన్ని విడిచిపెడుతున్నారు. శీలాన్ని వదలి మనశ్శాంతిని మాత్రమే కోరేవాడు బౌద్ధుడూ కాడు, వైదికుడూ కాడు. ఔషధం రుచి చూసి పథ్యం విడిచిన రోగి.

"అన్ని మతాలూ ఒకటే" అనే మాటతో ఈ విచారాన్ని ముగించడమూ సోమరితనమే. ఆత్మ నిత్యమని వేదాంతం, నైరాత్మ్యమని బౌద్ధం. నిన్న చూచినవాడు, నేడు స్మరిస్తున్నవాడు ఒకడే కాకపోతే "నేను చూచితిని" అనే స్మృతి ఎట్లు పొసగునని ఆచార్యులు ప్రశ్నించారు. దీపజ్వాలవలె క్షణసంతానమే ఏకత్వభ్రాంతిని కలిగిస్తుందని బౌద్ధులు బదులిస్తారు. ఆ భ్రాంతిని సైతం గుర్తించే సాక్షి ఎవరని వేదాంతి తిరిగి అడుగుతాడు. ఈ వాదాన్ని యువకుని ఎదుట పెట్టాలి. సత్యంపై విశ్వాసం ఉన్నవానికి ప్రశ్నవలన భయమెందుకు?

రామతీర్థంలో శ్రీరామచంద్రుని దర్శించుకొని మరలిపోయే భక్తులలో గురుభక్తులకొండ వైపు కన్నెత్తి చూచేవారు అరుదు. ఆ కొండ దిగివచ్చిన యువకుడు ఆలయ ద్వారం వద్ద నిలిచి ప్రశ్నిస్తే సమాధానం చెప్పగల విద్వాంసుడు ప్రతి క్షేత్రంలోనూ ఉండాలి. కనీసం అతనిని కూర్చుండబెట్టి, సాంతంగా వినే సహృదయుడైనా ఉండాలి. కఠోపనిషత్తులో యముడు నచికేతుని మెచ్చినది అతని కులగోత్రాలకు కాదు, ప్రలోభాలకు లొంగని అతని ప్రశ్నకు. ఇంటిలో దీపం లేకపోయినా వెలుగును వెదకుతూ వచ్చినవాడు అతిథి. అతిథిని పరిహసించడం ధర్మం కాదు.

స్వస్తి.