ఇప్ప మొక్క ఇప్పించండి

సిద్దిపేట జిల్లా కలెక్టర్ గారికి,

మన అడవి ఏడాదంతా పచ్చగా ఉండేది కాదు. ఎండకు ఆకు రాల్చి, తొలకరికి చిగురించే అడవి. మోదుగ, నల్లమద్ది, ఇప్ప, తునికి, మొర్రి, పాలకొడిశ: మా తాతలకు ఇవి చుట్టాల పేర్లంత బాగా తెలుసు. మొన్న నర్సరీలో అడిగితే టేకు, పూలమొక్కలు చూపించారు. ఇప్ప లేదన్నారు.

2015లో మొదలైన హరితహారం మా రోడ్లకు నీడ తెచ్చింది, కాదనను. కానీ గుట్టల వాలున రాళ్లు తేలి పడావుపడ్డ చెలకలు రైతుల చేతుల్లోనే ఉన్నాయి; అక్కడా చెట్లు రావాలి. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ గారు సొంత భూమి 70 ఎకరాలను అడవి చేశారు. అంత భూమి మాకు లేదు. గెట్టు వెంట నాలుగు గుంటలు ఇవ్వగలం.

మన జిల్లా ములుగులోని అటవీ కళాశాల సాయంతో ఇక్కడి గింజలే ఏరించి, పంచాయతీ నర్సరీల్లో పెంచించండి. ఇప్ప గింజ నిల్వకు ఆగదు, రాలిన కొద్ది వారాల్లోనే నాటాలి. ఇంకో మాట. పెంచిన చెట్టు రేపు అవసరానికి కొట్టుకోవాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతికి ఎక్కడెక్కడ తిరగాలోనని రైతు భయం. అది మండలంలోనే తేలేలా చూడండి.

వచ్చే మృగశిరకు మొక్కలు పంపండి. గుంతలు మేం తీసి ఉంచుతాం.

ఇట్లు,
జిల్లా రైతు ఒకరు