ఖాళీగా ఉన్నారా అక్కా?

మధ్యాహ్నం రెండున్నరకి, వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చి ఫోన్ చేతిలోకి తీసుకునే వేళకి సరిగ్గా ప్రత్యక్షమవుతాయి ఆ ప్రకటనలు. "ఇంట్లో ఖాళీగా ఉన్నారా అక్కా? చేతిలో ఫోన్ ఉంటే చాలు, 90 రోజుల్లో యూట్యూబ్ నుంచి నెలకి యాభై వేలు!" అంటాడు కోటు వేసుకున్న ఓ కుర్రాడు. వెనకాల ఓ కారు ఉంటుంది. అది అతనిదో అద్దెదో మనకి తెలీదు. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ "ఖాళీగా" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్న అయిదింటికి లేచి, టిఫిన్లు, క్యారేజీలు, అత్తగారి మందులు, పిల్లల పరీక్షలు, గ్యాస్ బుకింగూ చూసుకునే మనిషి ఖాళీగా ఉందని నీకెవరు చెప్పారు బాబూ?

కానీ ఆ మాట ఊరికే వాడలేదు లెండి. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో వాళ్ళకి బాగా తెలుసు. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక సర్టిఫికెట్లు బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసినవాళ్ళం మనలో ఎంతమందిమి లేం? కూరల డబ్బుల్లో మిగిలిన వందకి కూడా లెక్క చెప్పాల్సిన ఇళ్ళు ఎన్ని లేవు? "మీకంటూ ఒక గుర్తింపు", "భర్త ముందు చెయ్యి చాచక్కర్లేదు" అనే రెండు మాటలు చాలు, మన వేలు దానంతటదే ఆ లింకు మీదికి పోతుంది. ఆ కోరికలో తప్పేం లేదు. నిజమైన కోరిక కాబట్టే దాన్ని అమ్ముకుంటున్నారు.

నాకు చెల్లెలి వరసయ్యే ఒకమ్మాయి నిరుడు ఇలాంటి కోర్సులో చేరింది. తన పేరు చెప్పను, కోర్సు పేరూ చెప్పను. ఏ పేరు పెట్టినా కథ ఇదే. మొదట 99 రూపాయల వెబినార్. రెండు గంటల్లో గంటన్నర ఆ సారుగారి జీవితగాథ: అప్పులు, అవమానాలు, ఆపైన యూట్యూబ్, ఆపైన కారు. మిగిలిన అరగంటా బేరం. "దీని విలువ 80 వేలు, ఈ రోజు చేరే మొదటి యాభై మందికి మాత్రం 14,999." తెర మీద గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. (మర్నాడూ అదే గడియారం, అదే యాభై మంది.) అంత డబ్బు లేదంటే వాయిదాలు. ఆధారూ పానూ ఫోటో తీసి పంపితే అప్పు అక్కడికక్కడే సిద్ధం. ఆ అప్పిచ్చేది వేరే కంపెనీ. అంటే చదువు నచ్చక మానేసినా వాయిదా మానదు. చీటీ డబ్బులొచ్చాక కట్టేద్దామనుకుని సరేనంది మా పిల్ల.

ఇంతకీ లోపల చెప్పిన విద్య ఏమిటయ్యా అంటే, రికార్డు చేసి పెట్టిన ముప్ఫై వీడియోలు. చానెల్ ఎలా తెరవాలి, థంబ్‌నెయిల్ ఎలా పెట్టాలి, హ్యాష్‌ట్యాగ్ అంటే ఏమిటి. ఇవన్నీ యూట్యూబ్ వాళ్ళే తమ సహాయ పేజీల్లో పైసా తీసుకోకుండా రాసి పెట్టారు. నేను బీఏలో కన్యాశుల్కం చదువుకున్నదాన్ని. గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న చదువల్లా చుట్ట కాల్చడమే. పాపం గిరీశం కనీసం వాయిదాల మీద అప్పిప్పించలేదు.

ఆ ముప్ఫై వీడియోల్లో తీరిగ్గా చెప్పని లెక్క ఒకటుంది, అది నేను చెప్తాను. ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో జనం మన వీడియోల్ని 4000 గంటలైనా చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4000 గంటల్లో కలవదు. అది దాటాక కూడా ఆ డబ్బంతా మనది కాదు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్ వాటాలో 45 శాతం మనకి. ఖాతాలో 100 డాలర్లు చేరేదాకా బ్యాంకుకి రాదు. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు మన పప్పుచారు వీడియోని మూడేసి నిమిషాలు చూస్తారనుకుంటే, 80 వేలసార్లు చూడాలి. ఇది అసాధ్యమని నేననడం లేదు. 90 రోజుల్లో అందరికీ అయిపోతుందని పూచీ ఇచ్చేవాడు అబద్ధమాడుతున్నాడంటున్నాను, అంతే.

మరి అబద్ధం బయటపడకుండా ఎలా నెట్టుకొస్తారు? వాట్సాప్ గ్రూపు పెడతారు. అందులో 250 మంది అక్కలు. "నా చానెల్ మీరు చూడండి, మీది నేను చూస్తా." ఒకరికొకరు తోడు అన్నట్టుంటుంది చూడ్డానికి. లెక్క వేయండి. ఒక్కొక్కరు రోజుకి మూడు నిమిషాల వీడియో ఒక్కటి పెట్టినా, మిగతా 249 మందివి చూడ్డానికి రోజుకి పన్నెండు గంటల పైన కావాలి. మా పిల్ల రాత్రి ఒంటిగంట దాకా ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుత్తివంకాయ కూరలు చూస్తూ కూర్చునేది, కళ్ళు మంటలెత్తేదాకా. పైగా ఇలా ఇచ్చిపుచ్చుకునే సబ్‌స్క్రిప్షన్లు యూట్యూబ్ నియమాలకే విరుద్ధం. వాటిని తీసేస్తారు, ముదిరితే చానెల్ మీదే చర్య తీసుకుంటారు. విద్య చెప్పే గురువే పరీక్షలో కాపీ కొట్టించినట్టు!

మూడు నెలలయ్యింది. చానెల్లో 212 మంది, అందులో సగం గ్రూపువాళ్ళే. ఇదేమిటని అడిగితే ఏమన్నారో తెలుసా? "మీ మైండ్‌సెట్‌లో లోపం ఉంది అక్కా. మీరు నమ్మకంతో చేయలేదు." డబ్బు వెనక్కిస్తామన్న హామీ సంగతి ఎత్తితే, 90 రోజులూ ఒక్కరోజు కూడా తప్పకుండా వీడియో పెట్టి, వాటి స్క్రీన్‌షాట్లు ఏ రోజువి ఆ రోజే పంపి ఉండాలట. పిల్లాడికి డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో ఉన్న వారం తను పెట్టలేదు. కాబట్టి తప్పు తనదే! ఇల్లు చూసుకునే ఆడదానికి ఏదో ఒక రోజు తప్పకుండా తప్పుతుందని ఆ షరతు రాసినవాడికి తెలియదంటారా?

డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. నీకు చేతకాదు అన్న మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మనిషికి, పదిహేను వేలు పుచ్చుకుని మళ్ళీ అదే మాట చెప్పి పంపించారు.

ఆఖరి ఘట్టం ఇంకా బాగుంటుంది. "పోనీ, మీ స్నేహితురాళ్ళని కోర్సులో చేర్పించండి, ఒక్కొక్కరి మీద 30 శాతం మీది." అప్పుడర్థమైంది మాకు, కారు ఎక్కణ్ణించి వచ్చిందో. యూట్యూబ్ పంపిన డాలర్లతో కాదు, ఇలాంటి అక్కలు కట్టిన 14,999లతో. మనుషుల్ని చేర్పిస్తూ పోతేనే డబ్బొచ్చే గొలుసు పథకాల్ని మన దేశంలో 1978లోనే చట్టం చేసి నిషేధించారు. ఇది దాని కిందికి వస్తుందా అన్నది వకీళ్ళు వాదించుకోనీ, నా కంటికి మాత్రం దాని తోబుట్టువులాగే ఉంది.

"ఏ విద్యకైనా ఫీజు ఉంటుంది కదండీ, మిషన్ కుట్టు నేర్పినా తీసుకుంటారు" అని మా పక్కింటావిడ అంది. నిజమే. కానీ కుట్టు నేర్పే ఆవిడ దగ్గర మూడు నెలలుంటే చేతిలో ఒక జాకెట్టు ఉంటుంది. మెడ కాస్త వంకర పోయినా తొడుక్కోవచ్చు. ఆవిడెప్పుడూ నెలకి యాభై వేలు గ్యారంటీ అనలేదు. ఎడిటింగ్ నేర్పి డబ్బు తీసుకోండి, నాకేం పేచీ లేదు. విద్య పేరు చెప్పి ఫలితాన్ని అమ్మకండి.

ఆ వెబినార్లలో తప్పకుండా మస్తానమ్మ గారి పేరు, గంగవ్వ పేరు తెస్తారు. వందేళ్ళు దాటిన ముసలమ్మ చేయగా లేంది మీరు చేయలేరా అని. మస్తానమ్మ గారి వంటల్ని కంట్రీ ఫుడ్స్ చానెల్లో చూపించింది ఆవిడ మునిమనవడూ, అతని స్నేహితుడూ. గంగవ్వ నవ్వుని మనదాకా తెచ్చింది లంబాడిపల్లిలో మై విలేజ్ షో తీసిన కుర్రాళ్ళు. కెమెరా పట్టేవాళ్ళు, ఎడిటింగ్ చేసేవాళ్ళు ఇంట్లోనో ఊళ్ళోనో ఉన్నారు. పొయ్యి దగ్గర ఒంటి చేత్తో ఫోనూ ఇంకో చేత్తో గరిటే పట్టుకున్న మనకి ఆ పేర్లు చూపించి ఫీజు అడగడం ఏం న్యాయం?

వీళ్ళ ధైర్యమల్లా మన మౌనమే. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని, ఆయన అరుస్తారని ఎవరం చెప్పం. మా పిల్ల కూడా నాలుగు నెలలు చెవిదుద్దులు తాకట్టులో ఉన్న సంగతి దాచింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మోసం చేసి డబ్బు లాక్కున్నారనుకుంటే 1930కి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, దాన్ని పొగుడుతూ ముందు నిలబడ్డవాళ్ళకి కూడా. వెబినార్ ప్రకటన, వాళ్ళిచ్చిన హామీ, కట్టిన రసీదు, వాట్సాప్ మాటలు, ఏవీ చెరిపేయకండి. సిగ్గుతో గ్రూపులోంచి బయటికి వచ్చేసే ముందు అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

మా పిల్ల పోయిన నెల 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది. వాయిదాలు ఇంకా నాలుగున్నాయి. ఆ ప్రకటన మాత్రం నిన్న మధ్యాహ్నం కూడా వచ్చింది, కోటు రంగు మారింది.